బెజవాడ ఎండకి బెంగళూరు గులాబీ ఎందుకండీ?

గులాబీ మనింట్లో బతకదు, మనకి చేతి వాసి లేదు అని ఆడవాళ్ళు తమని తామే తిట్టుకోవడం పటమటలో విన్నా గుంటూరు బ్రాడీపేటలో విన్నా నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆ మాటన్న ఆవిడ ఇంట్లోనే మల్లె విరగబూస్తూ ఉంటుంది, నందివర్ధనం గోడ దాటిపోయి ఉంటుంది, కరివేపాకు వీధి మొత్తానికీ సరిపోతూ ఉంటుంది. ఇన్ని మొక్కల్ని బతికించిన చెయ్యి గులాబీ దగ్గరికొచ్చేసరికి ఎలా చెడ్డదైపోతుందండీ? మనకి అమ్ముతున్న మొక్క మన ఊరిది కాదు, మనం కొంటున్న నెల సరైంది కాదు, ఫోన్లో చూసి చేస్తున్న సేవలు వేరే ఊళ్ళ వాతావరణానికి చెప్పినవి. ఈ మూడూ సరిచేసుకుంటే కృష్ణా గుంటూరు జిల్లాల్లో గులాబీ బాగా వస్తుంది, అది కూడా మన పెరట్లో ఎప్పట్నుంచో ఉన్న నాటు గులాబీ అయితే ఇంకా బాగా వస్తుంది, నేను గట్టిగా చెప్పదలుచుకుంది ఇదే.

అసలు మన దగ్గర గులాబీ ఎలా కొంటామో చూడండి. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మొక్కల ట్రాలీ ఆటో వీధిలోకి వస్తుంది, ప్రతి నల్ల కవర్లోనూ రెండు మూడు పెద్ద పెద్ద పూలు, ఎరుపు, పసుపు, కాషాయం, రెండు రంగులు కలిసినవీ, చూస్తే కొనకుండా ఉండలేం. బెంగళూరు గులాబీ అమ్మా, ఏడాదంతా పూస్తుంది అంటాడు. తెచ్చి పెద్ద కుండీలోకి మారుస్తాం, ఉన్న మొగ్గలు విచ్చుకుంటాయి, ఆ తర్వాత వచ్చే మొగ్గ చిన్నదవుతుంది, దాని తర్వాతది రేకుల అంచులు మాడి సగం విచ్చుకుని ఆగిపోతుంది, ఈలోపు ఏప్రిల్ దాటిపోతుంది, పైనుంచి కొమ్మలు ఒక్కొక్కటే నల్లబడుతూ కిందకి ఎండుకుంటూ వస్తాయి, రోళ్ళు పగులుతాయనే రోహిణి కార్తె వచ్చేసరికి కుండీలో పుల్ల మిగుల్తుంది. పూలున్నాయని చూసి కొన్నాం కదా, ఆ పూలే మొక్క బలం మొత్తం తినేసి ఉన్నాయి, పైగా వేరు కొత్త మట్టిలోకి పాకడానికి కావలసిన చల్లటి రెండు మూడు నెలలు మనం దానికి ఇవ్వలేదు. కొన్ని మొక్కలకైతే వేరు చుట్టూ ఎర్ర బంకమట్టి ముద్ద ఉంటుంది, ఎండితే ఇటుకలా అయిపోతుంది, మనం పోసిన నీళ్ళు పక్కనుంచి జారి కిందకి పోతాయి, పై మట్టి తడిగా కనిపిస్తుంది, లోపల వేరు మాత్రం దాహంతో చస్తూ ఉంటుంది. అలాంటి ముద్దని బకెట్ నీళ్ళలో కాసేపు నానబెట్టి చుట్టూ ఉన్న మట్టి మెల్లగా వదిలించి నాటాలి.

ఆ పెద్ద పూల జాతిని హైబ్రిడ్ టీ అంటారు. దాని పుట్టుక ఫ్రాన్స్‌లో, 1867లో గియ్యో అనే ఆయన లియాన్ ఊళ్ళో తెచ్చిన లా ఫ్రాన్స్ అనే రకాన్ని మొదటి హైబ్రిడ్ టీగా లెక్కేస్తారు. అప్పట్నుంచీ ఇప్పటిదాకా ప్రపంచంలో పెద్ద పెద్ద గులాబీ కంపెనీలు చాలావరకు చల్లటి దేశాల్లోనే ఉన్నాయి, వాళ్ళు ఎంచుకునే గుణాలు వాళ్ళ వాతావరణానివి, మంచుని తట్టుకోవాలి, చలికి చావకూడదు. గులాబీకి సుఖంగా ఉండేది పదిహేను నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీల దాకా, 35 దాటాక పువ్వు చిన్నదవుతుంది, రేకులు తగ్గుతాయి, రంగు వెలిసిపోతుంది. మనకి మే నెలలో 45 కూడా కొత్త కాదు, రాత్రిళ్ళు కూడా డాబా గచ్చు సెగ కక్కుతూనే ఉంటుంది. ఊటీ వెళ్ళినవాళ్ళు అక్కడి రోజ్ గార్డెన్ చూసి మోజుపడి మొక్క పట్టుకొస్తారు, సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైనున్న ఊరి మొక్క కృష్ణ ఒడ్డున ఏం చేస్తుందండీ పాపం.

ఇది నా ఒక్కదాని మాట కాదు. కొడైకెనాల్‌లో ఉండే ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఐఏఎస్ ఉద్యోగం ముందే వదిలేసి గులాబీలు సృష్టించే పనిలో పడ్డారు, ఆయన పట్టుదలంతా దీని మీదే, వేడి దేశాలకి వేడిని తట్టుకునే గులాబీలు కావాలని. అందుకోసం ఆయన రోజా క్లైనోఫిల్లా అనే అడవి గులాబీని తల్లి మొక్కగా తీసుకున్నారు, బెంగాల్, బీహార్ వైపు ఏటి ఒడ్డుల్లో, చిత్తడి నేలల్లో పెరుగుతుంది అది. ఇంకోటి ఈశాన్య రాష్ట్రాల కొండల్లో చెట్లెక్కి పాకే రోజా జైజాంటియా. ఆయనా ఆయన భార్య గిరిజ గారూ కలిసి తెచ్చిన రకాల్లో ఒకదానికి మన దేశపు గొప్ప వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టారు. మన దేశంలోనే ఇంత పని జరిగింది, అయినా మన వీధిలోకొచ్చే ఆటోలో అలాంటి రకం ఒక్కటీ ఉండదు, అదీ నా బాధ.

ఇక నాటు గులాబీ సంగతి. మన పాత పెంకుటిళ్ళ పెరళ్ళలో బావి పక్కనో, అంట్లు తోమే చోటు పక్కనో ఉండే గులాబీ రంగు గులాబీ, చేతిలో పట్టుకుంటే గది మొత్తం వాసనొచ్చేది, తమిళులు పన్నీర్ గులాబీ అంటారు. పేరులో నాటు అని ఉన్నా దీని వెనక కూడా ఒక ప్రయాణం ఉంది, ఎడ్వర్డ్ గులాబీ అని నర్సరీ వాళ్ళు పిలిచేది ఈ కుటుంబానిదే. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే దీవి ఉంది, దాని పాత పేరు బూర్బాన్, అక్కడ చేలకి కంచెలుగా గులాబీలు వేసేవాళ్ళు, చైనా గులాబీకీ డమాస్క్ గులాబీకీ అక్కడ సంకరం కుదిరి పుట్టింది ఇది, 1820 ప్రాంతంలో దాని విత్తనాలు ఫ్రాన్స్ వెళ్ళి బూర్బాన్ గులాబీలనే పెద్ద వంశమే తయారైంది. అంటే ఉష్ణమండలం దీవిలో, ఉప్పు గాలిలో, ఎవరూ గారం చెయ్యని కంచెలో పుట్టిన మొక్క. చైనా తల్లి నుంచి పదే పదే పూసే గుణం, డమాస్క్ నుంచి వాసన. మనకి కావలసింది ఇంకేముంది? తమిళనాడులో దండలకీ విడిపూలకీ రైతులు వేసే రకాల్లో ఎడ్వర్డ్ ఒకటైతే, ఇంకోదాని పేరు ఆంధ్రా రెడ్. మన పేరుతో అక్కడ ఎకరాల్లో పూస్తున్న గులాబీ ఉంటే మనమేమో ఆటోలో వచ్చే కాషాయం రంగు పూల వెంట పడుతున్నాం.

ఇంకో విషయం చెప్తే ఆశ్చర్యపోతారు. ఉత్తరాదిలో చాలా చోట్ల హైబ్రిడ్ గులాబీని అంటు కట్టడానికి కింద వేరు మొక్కగా వాడేది ఈ ఎడ్వర్డ్ గులాబీనే! వేరుకి అంత సత్తా ఉందని నర్సరీ వాళ్ళకి తెలుసు, అందుకే దాని మీద సుకుమారం మొక్క కన్ను అంటించి అమ్ముతారు. ఎండకి పైన అంటించినది చచ్చిపోయి, కింద వేరు నుంచి చిగురొచ్చి, అదేదో జంగిలీ అని మనమే పీకి పారేస్తాం. అంటు కట్టని నాటు గులాబీకి ఈ గొడవే లేదు, పైన మొత్తం ఎండిపోయినా కింద నుంచి వచ్చే చిగురు కూడా అదే మొక్క, అవే పూలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్లో మా ఫ్రెండ్ వాళ్ళింటి చుట్టూ నీళ్ళు రోజుల తరబడి నిలబడిపోయాయి, తను ముచ్చటపడి కొన్న అంటు మొక్కలన్నీ వేరు కుళ్ళి పోయాయి, అరుగు పక్కన మెరక మీద ఉన్న నాటు గులాబీ ఆకంతా రాల్చేసి కార్తీకమాసానికి మళ్ళీ చిగురేసింది. మెరక మీద ఉంది కాబట్టి కూడా బతికింది, అది ఒప్పుకోవాలి, గులాబీ వేరుకి గాలి ఆడాలి, ఏ రకమైనా సరే.

నెలల సంగతికొస్తే, ఫోన్లో చూసే వీడియోల్లో వసంతంలో కత్తిరించండి అంటారు, చలి దేశాల వాళ్ళకి అది కరెక్టే, అక్కడ మొక్క చలికాలం నిద్రపోతుంది, నిద్ర లేచే ముందు కత్తిరిస్తారు. మనకి గులాబీ నిద్రపోయేది ఎండాకాలం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాన్ని కదపకూడదు, కత్తిరించకూడదు, ఎరువు పెట్టి పూయమని బలవంతం చెయ్యకూడదు, మొగ్గలొస్తే గిల్లేసి ఆకు నిలబెట్టుకుంటే చాలు. మన కత్తిరింపు దసరాకీ దీపావళికీ మధ్యన, తుఫాను వాన లేని రోజు చూసుకుని. ఎండు కొమ్మలు, పుల్లల్లా సన్నగా ఉన్నవి, లోపలికి పెరిగినవి తీసేసి, మంచి కొమ్మల్ని నాటు గులాబీకైతే మూడో వంతు మాత్రమే తగ్గించాలి, హైబ్రిడ్‌కైతే సగం దాకా. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ళ మందు పొడి నీళ్ళతో ముద్దలా కలిపి రాస్తే కొమ్మ ఎండు తెగులు పైనుంచి దిగదు. నెలన్నర, రెండు నెలల్లో పూలొస్తాయి, ధనుర్మాసం మొత్తం పూజకి బయట కొనక్కర్లేదు, అక్కడ నుంచి మార్చి దాకా మన గులాబీ కాలం. ఏడాదంతా పూస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇప్పుడు మట్టి, నీళ్ళు, నా లెక్కలో సగం గులాబీలు ఇక్కడే పోతున్నాయి. మనది నల్లరేగడి, పత్తికి బంగారం, గులాబీకి కష్టం. వానకి బంకలా పట్టేస్తుంది, ఎండకి నెర్రెలిచ్చి వేర్లని తెంపేస్తుంది, పైగా సున్నం ఎక్కువున్న నేల, పీహెచ్, అంటే మట్టి పులుపా సున్నమా అని చెప్పే కొలత, ఎనిమిది చుట్టూ ఉంటుంది, గులాబీకి ఆరు, ఆరున్నర కావాలి. పీహెచ్ పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు, అప్పుడే కొత్త ఆకు పసుపురంగులోకి తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగుల్తాయి. ఆకు పసుపైందని యూరియా వేస్తారు చాలామంది, ప్రయోజనం ఉండదు. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అప్పటికప్పుడు సాయంత్రం పూట ఆకు మీద పిచికారీ చెయ్యండి, వేరుశనగ రైతులు చేసేది ఇదే, వారం గ్యాప్‌తో మళ్ళీ ఒకసారి చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి గులాబీకి వేస్తారే, అసలే సున్నం ఎక్కువై ఏడుస్తున్న మట్టికి ఇంకా సున్నం ఎందుకండీ? మట్టి కోసం నూజివీడు వైపు నుంచి వచ్చే ఎర్రమట్టి సగం, బాగా మాగిన పశువుల ఎరువు పావు వంతు పైన, మిగతాది ఇసుక, కుండీకి గుప్పెడు వేపపిండి, అంతే. పెరట్లో నాటితే నల్లమట్టిలో గొయ్యి తీసి పూడ్చడం కంటే ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు మడి కట్టుకోవడం మేలు.

నీళ్ళ గురించి ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, ఆర్వో మిషన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు గులాబీకి పొయ్యకండి. నీళ్ళు వృథా కాకూడదన్న మంచి బుద్ధితోనే పోస్తారు, కానీ బోరు నీళ్ళలో ఉన్న ఉప్పంతా అందులోనే పోగై వస్తుంది, కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే అదే. ఆ నీళ్ళు బాత్రూమ్ కడగడానికి వాడండి. ఏసీ నుంచి కారే నీళ్ళు మాత్రం పట్టి పొయ్యండి, వాటిలో ఉప్పు ఉండదు. కృష్ణ నీళ్ళు కుళాయికి వచ్చే ఇంటివాళ్ళు అదృష్టవంతులు. బోరే గతి అయితే పది పదిహేను రోజులకొకసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి ఉప్పు కడిగెయ్యాలి.

నీడ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. గులాబీకి ఆరు గంటల ఎండ కావాలి అని రాసేది చల్లటి ఊళ్ళ లెక్క, మనకి పొద్దుటి ఎండ పదకొండు దాకా తగిలితే చాలు, తర్వాత గోడ నీడో యాభై శాతం గ్రీన్ నెట్టో ఉండాలి. అపార్ట్‌మెంట్ అయితే తూర్పు బాల్కనీ బంగారం, పడమర బాల్కనీలో వేసవిలో గులాబీ పెట్టడమే వద్దు. నల్ల ప్లాస్టిక్ కుండీ గచ్చు మీద నేరుగా పెడితే లోపల వేరు ఉడికిపోతుంది, రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, మట్టి కుండీ అయితే ఇంకా నయం. మట్టి మీద ఎండాకులో, కొబ్బరి పీచో, చెరుకు రసం బండి దగ్గర దొరికే పిప్పిని కడిగి ఎండబెట్టో మూడు వేళ్ళ మందం పరిస్తే మధ్యాహ్నం తేడా మీకే తెలుస్తుంది.

పురుగుల దగ్గరికొస్తే గుంటూరు వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, ఎందుకంటే గులాబీని పీడించే తామర పురుగు మిర్చి చేలో ఉన్నదే. అమెరికాలో ఫ్లోరిడాలో గులాబీలు పెంచేవాళ్ళు దాన్ని చిల్లీ త్రిప్స్ అనే పిలుస్తారు, మన మిర్చి రైతు తాతల కాలం నుంచి చూస్తున్న శత్రువు అది. 2021లో మిర్చి పూతలో కొత్త రకం నల్ల తామర పురుగు పడి జిల్లా మొత్తం ఎంత ఏడ్చిందో గుర్తుందిగా. మా బాబాయ్ వాళ్ళది ప్రత్తిపాడు వైపు, మిర్చి రైతు, మా డాబా మీద గులాబీ చూసి కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా చెప్పేశారు, "ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందకి తిరగబడితే నల్లి, రెండిటికీ మందు ఒకటి కాదమ్మా, ముందు చూసుకుని కొట్టు." మిర్చికి చెప్పిన ఆ మాట గులాబీని చూసుకోవడానికి కూడా పనికొచ్చింది. గులాబీలో అయితే లేత ఎర్ర చిగురు గిడసబారి ముడతలు పడటం, మొగ్గ అంచులు గోధుమరంగులోకి మాడి విచ్చుకోకపోవడం తామర పురుగు గుర్తు, అనుమానంగా ఉంటే తెల్లకాగితం మీద మొగ్గ దులపండి, సన్నటి పుల్లముక్కల్లాంటివి పరిగెడతాయి. అలాంటి మొగ్గ తెంపి కవర్లో కట్టి పారెయ్యాలి, మొక్క మొదట్లో పడేస్తే లాభం లేదు. లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టడం, నీలం రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టడం, ఇంటికి ఇవి చాలు. ఎర్రనల్లికైతే పొద్దున్నే ఆకు అడుగుభాగానికి తగిలేలా పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టడమే మంచి మందు. చేనుకి కొట్టే పెద్ద మందులు డాబా మీదకి తేకండి, నల్లిని తినే మంచి పురుగులు ముందు చచ్చిపోతాయి, తర్వాత నల్లి రెండింతలవుతుంది. పిల్ల తలలో పెట్టే పువ్వు, దేవుడి దగ్గర పెట్టే పువ్వు, ఒకోసారి గుల్కంద్ చేసుకునే పువ్వు, దాని మీద విషం ఎలా కొడతామండీ.

నాటు గులాబీకి తెగుళ్ళు రావని మాత్రం చెప్పను. వానల్లో నల్లమచ్చ దీనికీ వస్తుంది, ఆకు గంటల తరబడి తడిగా ఉంటే చాలు, అందుకే నీళ్ళు మొదట్లోనే పొయ్యాలి, రాలిన ఆకు ఏరెయ్యాలి, మొక్కకీ మొక్కకీ మధ్య గాలి ఆడాలి. ఇంకో నిజం, పువ్వు ఒక్క రోజే, పొద్దున విచ్చుకుని సాయంత్రానికి రేకులు రాల్చేస్తుంది, వేజ్‌లో పెట్టుకుంటే నిలవదు, రంగులూ ఎక్కువ ఉండవు. అదే కావాలనుకునేవాళ్ళు హైబ్రిడ్ కొనుక్కోండి, నాకు వాటి మీద పగ లేదు, కడియపులంక నర్సరీల్లో చలికాలంలో తిరిగితే ఎంత బాగుంటాయో నాకూ తెలుసు. కాకపోతే నవంబరులో కొనండి, పూలు లేని, ఆకు నిండుగా, మొదలు లావుగా ఉన్న మొక్క ఏరుకోండి, వచ్చే వేసవిలోపు వేరు దిగుతుంది. గుత్తులుగా పూసే చిన్న రకాలు, బటన్ గులాబీలు పెద్ద పూల రకాల కంటే ఎండకి కాస్త ఆగుతాయి. అయినా ఇంట్లో ఒక్క కుండీకే చోటుందంటే, వాసన లేని అంత పెద్ద పువ్వుకి ఆ చోటు నేనైతే ఇవ్వను. గులాబీ నుంచి వాసన తీసేశాక మిగిలేది రంగే కదా, రంగు కోసం మనకి మందారం లేదా?

నాటు గులాబీ ఎక్కడ దొరుకుతుందని అందరూ అడుగుతారు, నర్సరీలో అడిగితే ఎడ్వర్డ్ అనో పన్నీర్ అనో అడగండి, కొన్నిచోట్ల ఉంటుంది, లాభం తక్కువని చాలామంది పెట్టరు. సులువైన దారి కొమ్మ అడిగి తెచ్చుకోవడం. సత్యనారాయణపురం, గవర్నర్‌పేట సందుల్లో పాత ఇళ్ళు ఇంకా ఉన్నాయి, అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేసే ముందు ఆ ఇళ్ళ పెరళ్ళలో మొక్కలు ఎవరికీ పట్టవు, జేసీబీ వచ్చిన రోజున బావి పూడుతుంది, గులాబీ దానితో పాటే పోతుంది. అలా పోయిన రకం మళ్ళీ ఏ ఆటోలోనూ రాదు. కాబట్టి తెలిసినవాళ్ళ ఇల్లు కట్టుబడికి ఇస్తున్నారని వింటే మొహమాటపడకుండా వెళ్ళి పిన్నిగారూ ఒక కొమ్మ ఇవ్వండి అని అడగండి, ఎవరూ కాదనరు.

కొమ్మ పెట్టేది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. పూసి రాలిపోయిన కొమ్మ, పెన్సిల్ లావుది, జానెడు ముక్క, కింద కన్ను దగ్గర ఏటవాలుగా కోసి, పైన రెండు ఆకులుంచి మిగతావి తీసేసి, ఇసుకా కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సగం సగం కలిపిన గ్లాసులో సగం దాకా గుచ్చండి. నీడలో పెట్టి తడి ఆరకుండా చూడండి, మీద పారదర్శకంగా ఉండే కవరు కప్పితే ఇంకా మంచిది, రోజూ పీకి వేరొచ్చిందా అని చూడకండి. చిగురొచ్చినంత మాత్రాన వేరొచ్చినట్టు కాదు, కొమ్మలో దాచుకున్న బలంతో కూడా చిగురేస్తుంది, గ్లాసు అడుగున తెల్ల వేరు కనిపించాకే కుండీలోకి మార్చాలి. నాలుగు గుచ్చితే రెండు నిలబడతాయనుకుని ఎప్పుడూ ఎక్కువే పెట్టండి, మిగిలినవి పక్కింటివాళ్ళకి ఇవ్వచ్చు. మొదటి వేసవిలో వచ్చిన మొగ్గలు గిల్లెయ్యండి, ప్రాణం ఒప్పదు, అయినా గిల్లెయ్యండి, దసరా తర్వాత మొదటి కత్తిరింపు అయ్యాక పూయనివ్వండి.